కొండ క్రింది బండల మీద గాలం

మన సంఘాలలో సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగిన కుటుంబాలు చాలా ఉన్నాయి. సముద్రం అనగానే వారికి ఇసుక తిన్నె, తెప్ప, వల, తెల్లవారుజామున ఒడ్డుకు చేరే పడవ గుర్తుకు వస్తాయి. కాని సముద్రతీరం అన్ని చోట్ల ఒకే విధంగా ఉండదు. కొన్ని దేశాలలో నేల ఒక్కసారిగా తెగిపోయినట్లు ఎత్తైన రాతి గోడగా నిలుస్తుంది. ఆ గోడ పాదం దగ్గర బల్లపరుపుగా ఒక బండ ఉంటుంది. ఆ బండ అంచు దాటితే లోతైన నీరే. అటువంటి బండల మీద నిలిచి గాలం వేసేవారు లోకంలో ఎందరో ఉన్నారు. ఆస్ట్రేలియా దేశంలోని సిడ్నీ నగర తీరం ఈ వేటకు పేరుపొందినది.

అక్కడ నివసించే తెలుగు కుటుంబాల ఆహ్వానం మీద మేము దంపతులం ఆ నగరానికి వెళ్ళినప్పుడు, ఆ తీరాన్నీ, గాలం వేసేవారు దిగే దారులనూ చూచే అవకాశం కలిగింది. మన పల్లెలనుండి ఎందరో పిల్లలు చదువుల నిమిత్తం, ఉద్యోగాల నిమిత్తం ఆ దేశం వెళ్ళుచున్నారు. సెలవు దినాన స్నేహితులతో కలిసి "చేపలు పట్టడానికి వెళ్ళాము" అని వారు ఫోనులో చెప్పినప్పుడు, ఇక్కడి తల్లిదండ్రులు మన ఊరి చెరువు గట్టునో, కాలువ ఒడ్డునో ఊహించుకుంటారు. అక్కడ సంగతి అది కాదు. అందుకే మేము చూచినదీ, అనుభవజ్ఞుల నోట విన్నదీ మీ ముందు ఉంచుచున్నాము.

ఆ తీరం ఎటువంటిది?

సిడ్నీ తీరపు కొండలు ఇసుకరాయితో ఏర్పడినవి. పసుపు, గోధుమ రంగు పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు కనబడతాయి. అలలు క్రింది భాగాన్ని తొలుచుకుంటూ పోగా, పైభాగం ఆధారం లేక విరిగి పడుతుంది. ఈ విధంగా గోడ వెనుకకు జరిగినకొద్దీ దాని పాదం దగ్గర చదునైన బండ మిగులుతుంది. ఆ బండే గాలం వేసేవారి స్థలం. బండను కొట్టిన అల తెల్లని నురుగుగా విరిగినప్పుడు రాతికి అంటుకొని ఉన్న చిన్న జీవులు ఊడి నీటిలో పడతాయి. వాటిని తినడానికి చేపలు బండ దగ్గరకు వస్తాయి. బ్రీమ్, టైలర్, డ్రమ్మర్, లూడెరిక్ అనే చేపలు అక్కడ దొరుకుతాయి. పడవ లేనివాడు కూడా నేలమీద నిలిచి లోతునీటి చేపను పట్టగలడు. ఇదే ఆ బండల ఆకర్షణ. చేపను దగ్గరకు తెచ్చే ఆ లోతే మనిషికి అపాయం.

మేము వెళ్ళినది నగరానికి దక్షిణాన ఉన్న లా పెరూజ్ అనే పేటకు. 1788లో ఆ బొటనీ అఖాతంలో ఓడలు నిలిపిన ఫ్రెంచి నావికుని పేరు అది. అంతకు ముందు 1770లో కెప్టెన్ కుక్ అదే అఖాతపు ఎదుటి ఒడ్డున దిగాడు. వీరందరికంటె ఎంతో ముందునుండి ఆ తీరం అక్కడి ఆదివాసులది. వారి స్త్రీలు సముద్రపు గుల్లలను అరగదీసి కొక్కెములుగా చేసి, చెట్టు బెరడుతో చేసిన చిన్న దోనెలలో కూర్చుండి చేపలు పట్టేవారని చరిత్రలో ఉంది. పురుషులు ఈటెలతో వేటాడేవారు. లా పెరూజ్‌లో వారి సంతతివారు నేటికీ నివసిస్తున్నారు.

అక్కడికి కొద్ది దూరంలో మలబార్ అనే మరొక పేట ఉంది. ఆ పేరు వినగానే మాకు ఆశ్చర్యం కలిగింది. మన దేశపు మలబారు తీరం పేరు పెట్టుకొన్న ఒక ఓడ 1931లో ఆ ఒడ్డున రాళ్ళకు తగిలి పగిలిపోయిందట. ఆ ఓడ పేరే పేటకు నిలిచిపోయింది. ఇంకా దక్షిణాన కేప్ బ్యాంక్స్ అనే కొన దగ్గర 1937లో పగిలిన మిన్మీ అనే బొగ్గు ఓడ తుప్పుపట్టిన ఇనుము నేటికీ బండలమీద కనబడుతుంది. పెద్ద పెద్ద ఓడలనే ఎత్తి బండలమీద వేసిన నీరు అది. దాని ప్రక్కన మనిషి బరువు ఎంత?

మమ్మును తీసికొని వెళ్ళిన సహోదరుడు మన కోస్తా జిల్లాలో సముద్రం ప్రక్కనే పెరిగినవాడు. ఈత బాగా వచ్చు. అతనితోబాటు కేరళకు చెందిన స్నేహితుడొకరు వచ్చారు. కాంగ్‌వాంగ్ అనే చిన్న ఇసుక ఒడ్డు దాటి, పొదల మధ్య కాలిబాటన పాత ఫిరంగి స్థావరమున్న హెన్రీ హెడ్ మీదుగా నడిచాము. దారిలో అతడు ఒక మాట అన్నాడు: "అయ్యగారూ, మన ఊళ్ళో సముద్రం మనిషిని కొంచెం కొంచెంగా లోపలికి పిలుస్తుంది. మోకాలి లోతు, నడుము లోతు, పీక లోతు. వెనక్కు తిరగడానికి సమయం ఉంటుంది. ఇక్కడ ఆ సమయం ఉండదు. ఉంటే బండమీద ఉంటాం, లేకపోతే లోతులో ఉంటాం." ఆ తీరం స్వభావమంతా ఆ మాటలో ఉంది.

అలల లెక్క

గాలం వేయుట ఇంటి దగ్గరనే మొదలవుతుందని ఆ సహోదరులు చెప్పారు. ముందురోజు రాత్రి వాతావరణ శాఖవారి సముద్ర సూచన చూస్తారు. అందులో నాలుగు సంగతులు ముఖ్యం: అల ఎత్తు, అలకూ అలకూ మధ్య ఎన్ని సెకండ్లు, అది ఏ దిక్కునుండి వస్తున్నది, ఆటుపోట్ల వేళలు. సూచనలో చెప్పిన ఎత్తు అన్ని అలలకూ పైహద్దు కాదు. పెద్ద అలల సగటు మాత్రమే. దానికి రెట్టింపు ఎత్తున్న అల కూడా రావచ్చునని ఆ దేశపు వాతావరణ శాఖే హెచ్చరిస్తుంది. ఒకటిన్నర మీటరు అని చదివినవాడు మూడు మీటర్ల అలను మనస్సులో ఉంచుకోవాలి.

సెకండ్ల లెక్క ఇంకా ముఖ్యమైనది. దగ్గరి గాలికి లేచిన అలలు ఏడెనిమిది సెకండ్లకు ఒకటి చొప్పున వస్తాయి. దూరాన, దక్షిణ సముద్రంలో ఎక్కడో తుపానుకు లేచి, వందల మైళ్ళు ప్రయాణించి వచ్చే అలలు పన్నెండు, పదునాలుగు సెకండ్లకు ఒకటిగా వస్తాయి. ఒడ్డున గాలి ఉండదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది, నీరు నూనెవలె కనబడుతుంది. కాని ఆ అలల్లో శక్తి ఎక్కువ. బండను చేరగానే ఒక్కసారిగా ఎత్తు పెరిగి చాలా పైకి ప్రాకుతాయి. పైగా అవి గుంపులుగా వస్తాయి. పది పదిహేను నిమిషాలపాటు చిన్న అలలే వచ్చి, ఆ తరువాత వరుసగా నాలుగైదు పెద్దవి వస్తాయి. కొత్తవాడు మధ్యనున్న ఆ నెమ్మదిని చూచి దిగుతాడు.

అందుచేత కొండ అంచుకు చేరగానే ఎవరూ సంచి విప్పలేదు. అంచుకు బాగా వెనుకగా కూర్చుండి గడియారం చూచుకొని అరగంటసేపు క్రిందికి చూస్తూ ఉన్నారు. అరగంట అనేది ఆ దేశంలో గాలం వేసేవారికి నేర్పే కొలత. ఆ సమయంలోపల పెద్ద అలల గుంపు కనీసం ఒకటి రెండుసార్లు వచ్చి పోతుంది. అది బండమీద ఎక్కడివరకు ఎక్కుతుందో కంటితో చూస్తారు.

బండ కూడా తన సంగతి తానే చెబుతుంది. వాన లేని దినాన బండ తడిగా ఉన్నదంటే అక్కడికి అల వచ్చి వెళ్ళినట్లే. పైన పొడిగా, లేత రంగుగా ఉన్న రాయి క్షేమం. దాని క్రింద నల్లని పట్టీ ఒకటి ఉంటుంది. అది కంటికి పొడిగానే కనబడినా, తడి తగిలితే సబ్బువలె జారుతుంది. ఇంకా క్రింద ఆకుపచ్చని నాచు. అన్నిటికంటె క్రింద కంజెవోయ్ అనే జీవి రాతికి అంటుకొని ఉంటుంది. దానిమీద అడుగు వేస్తే నీరు చిమ్ముతుంది. కాలి క్రింద అది కనబడితే, నీవు నేలమీద కాదు, సముద్రపు ఇంటిలో నిలిచి ఉన్నావని గ్రహించాలి. దానిని ఎరగా కోసుకొనడానికి వంగినవారు అలకు చిక్కిన సందర్భాలు ఉన్నాయి. కేప్ బ్యాంక్స్ ప్రాంతం రక్షిత జలభాగం గనుక అక్కడ దానిని కోయుట నిషేధం కూడా. మా సహోదరులు ఎర నిమిత్తం రొయ్యలు కొని తెచ్చుకొన్నారు.

దిగని దినం

ఆ ఉదయం సూచన ఒకటిన్నర మీటరు, పదమూడు సెకండ్లు, దక్షిణ దిక్కు. మేము చూస్తున్న బండ కూడా దక్షిణానికి ఎదురుగానే ఉన్నది. మొదటి ఇరవై నిమిషాలు బండ అంచున నురుగు తప్ప మరేమీ లేదు. ఇద్దరు యువకులు అప్పటికే దిగి గాలం వేస్తున్నారు. లైఫ్ జాకెట్లు లేవు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. వారిని చూచి మాకు కూడా దిగవచ్చునేమో అనిపించేటట్లుగా ఉంది సముద్రం.

ఇరవై రెండవ నిమిషమున దూరాన నీటిమీద గీతలవంటివి కనబడ్డాయి. సహోదరుడు లేచి నిలువబడి రెండు చేతులూ ఊపుతూ క్రిందివారిని కేక వేశాడు. మొదటి అల బండ అంచు దాటింది. రెండవది వారి మోకాళ్ళ వరకు వచ్చింది. వారు గాలపు కర్రలు వదలి వెనుకనున్న రాతి మెట్టు మీదికి ఎక్కారు. మూడవ అల బండ అంతటినీ కప్పి, వారి బకెట్టునూ సంచినీ తీసికొని పోయింది. తరువాత మరి రెండు. ఆపైన నీరు మరల నూనెవలె నెమ్మదించింది. అంతా కలిసి ఒక నిమిషం పట్టింది.

ఆ పిల్లలు వణుకుతూ పైకి వచ్చారు. వేరొక దేశంనుండి చదువుకొనడానికి వచ్చినవారు. "పోయిన వారం ఇదే చోట రోజంతా నిలబడ్డాము, కాళ్ళు కూడా తడవలేదు" అని వారన్నారు. ఆ మాట మేము మరచిపోలేము. పోయిన వారం ఏమీ కాలేదు గనుక ఈ వారం కూడా ఏమీ కాదని నమ్మడమే ఆ బండలమీద మనుష్యులను చంపుతున్నది. పోయిన వారపు అలలు ఈ వారానికి సాక్ష్యం కావు.

మా వారు ఆ దినాన దిగలేదు. ఒక గంట నడిచి వచ్చిన దారినే తిరిగి నడిచి, అఖాతం లోపలి వైపున ఫ్రెంచ్‌మన్స్ బే అనే నెమ్మదియైన ఒడ్డున గాలం వేశారు. రెండు బ్రీమ్ చేపలు పడ్డాయి. అందులో ఒకటి 25 సెంటీమీటర్లకు తక్కువగా ఉన్నందున కొలిచి నీటిలో వదిలిపెట్టారు, అది అక్కడి నియమం. ఎంత దూరం వచ్చాము, ఒట్టి చేతులతో ఎలా వెళ్తాము అనే మాట వారి నోట రాలేదు. వచ్చేటప్పుడే రెండవ చోటు ఒకటి అనుకొని వచ్చారు. అలా ముందే అనుకొన్నవానికి వెనుదిరగడం సుళువు.

దిగిన దినం

రెండు దినముల తరువాత అలలు తగ్గాయి. సూచన ఒక మీటరుకు లోపు, ఎనిమిది సెకండ్లు, ఈశాన్యపు గాలి మెల్లగా. నీరు తీస్తున్న వేళ. అమావాస్య, పున్నమి రోజులలో అక్కడ ఆటుకూ పోటుకూ తేడా ఎక్కువగా ఉంటుంది. అందువలన నీరు తీస్తున్నప్పుడు దిగి, మరల పోటు బలపడకముందే ఎక్కి రావాలి. బయలుదేరే ముందు సహోదరుడు తన భార్యకు ఏ చోటికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు పైకి వస్తారో చెప్పాడు. "పదకొండు గంటలకు ఫోను చేస్తాను. పదకొండున్నర వరకు చేయకపోతే నీవు 000 నంబరుకు చెయ్యి" అన్నాడు. ఆ దేశంలో అత్యవసర నంబరు మూడు సున్నాలు. మా ఇంటివారు కొండమీదనే నీడలో కూర్చుండి సముద్రాన్ని కనిపెట్టే పని తీసికొన్నారు. ఫోను ఆమె చేతిలో ఉంది. పైన ఒకరు ఉండుట ఎంత మేలో చెప్పలేము. బండమీద నిలిచినవానికంటె ఎత్తున ఉన్నవారికి వచ్చే అల ముందుగా కనబడుతుంది.

మరల అరగంట చూచిన తరువాతనే దిగడం మొదలైంది. దిగే విధానం గూర్చి మేము నేర్చుకొన్నవి ఇవి:

మొదటిది, దిగే దారిని ఎక్కే దారిగా చూడాలి. ఎండిన రాతిమీద, రెండు చేతులూ ఖాళీగా, ఉత్సాహంతో దిగడం సులభం. తడిసిన బట్టలతో, అలసటతో, బరువుతో అదే దారిని ఎక్కగలమా అని పైననే ప్రశ్నించుకోవాలి. ఎక్కలేమనిపించిన చోట దిగకూడదు.

రెండవది, పదిమంది నడిచిన బాటనే నడవాలి. దగ్గర దారి అని కొండ అంచున కొత్త జాడ వెదకకూడదు. ఇసుకరాయి అంచు పైకి గట్టిగా కనబడినా క్రింద తొలిచి ఉండవచ్చు. వాన కురిసిన తరువాత రాళ్ళు విరిగి పడతాయి. బండమీద కొత్తగా పడిన, అంచులు పదునుగా ఉన్న రాళ్ళు కనబడితే ఆ గోడ క్రింద కూర్చుండకూడదు, భోజనపు మూట విప్పకూడదు.

మూడవది, ఎవరో కట్టి వదిలిన త్రాడును నమ్మకూడదు. అటువంటి త్రాళ్ళు అక్కడక్కడ వ్రేలాడుతూ ఉంటాయి. ఎండకు నైలాను పెళుసుబారుతుంది, ఉప్పుగాలికి ఇనుప మేకు లోపలనే తినివేయబడుతుంది. త్రాడు లేకుండా దిగలేని చోటు మనది కాదని సహోదరుడు తీర్మానం చేసికొని ఉన్నాడు.

నాల్గవది, చేతులు ఖాళీగా ఉండాలి. సామానంతా వీపు సంచిలో. గాలపు కర్రను విడదీసి సంచికి కట్టుకొన్నారు. ఒక చేయి, రెండు కాళ్ళు, లేక రెండు చేతులు, ఒక కాలు ఎప్పుడూ రాతిని పట్టుకొని ఉండాలి. ఒకరి నెత్తిమీద ఒకరు దిగకుండా, ముందువాడు ప్రక్కకు తప్పుకొన్న తరువాతనే వెనుకవాడు కదలాలి.

అయిదవది, పాదరక్షలు. మేకుల అడుగు గల బూట్లు నాచు పట్టిన రాతిమీద నిలుపుతాయి. మామూలు చెప్పులు, మోకాలి వరకు వచ్చే రబ్బరు బూట్లు పనికిరావు. రబ్బరు బూటులో నీరు నిండితే కాలికి రాయి కట్టినట్లే.

ఆరవది, లైఫ్ జాకెట్టు కొండమీదనే తొడుగుకొని దిగాలి. క్రింద తొడుగుకొందామనుకొంటే అది సంచిలోనే ఉండిపోతుంది. బట్టలు తేలికైనవి వేసికొంటారు, నీటిలో పడినా ఈదవచ్చునని.

క్రిందికి చేరగానే వారు మొదట చేసిన పని గాలం కట్టుట కాదు. ఎవరు ఎక్కడ నిలవాలి, అల వస్తే ఎవరు ఎటు తప్పుకోవాలి, నీటిలో పడినవాడు ఏ వైపుగా ఒడ్డు చేరవచ్చు అని వ్రేలితో చూపించి మాట్లాడుకొన్నారు. సామాను పొడి రాతిమీద, ఎత్తున పెట్టారు. దానికొరకు ఎవరూ తరువాత అలలోనికి పరుగెత్తకూడదు గదా! సముద్రానికి వీపు చూపలేదు. ముల్లుకు ఎర గ్రుచ్చాలంటే వెనుకకు వచ్చి, ముఖం నీటివైపు ఉంచి గ్రుచ్చారు.

ఒక గంట గడచిన తరువాత సహోదరుని గాలానికి పెద్ద చేప తగిలింది. కర్ర వంగిపోయింది. అదే అన్నిటికంటె అపాయకరమైన ఘడియ అని మేము కళ్ళారా చూచాము. మనిషి చూపు అంతా చేపమీద ఉంటుంది, అడుగు తెలియకుండానే ముందుకు పడుతుంది. చేప బండ అంచు క్రిందికి వచ్చింది. ఒక మెట్టు క్రిందికి దిగితే చేతికి అందేటట్లుంది. అతడు దిగలేదు. అల పైకి లేచినప్పుడు దానితోబాటు చేపను బండమీదికి లాగాలని చూచాడు. దారం రాతికి ఒరుసుకొని తెగింది. స్నేహితుడు "పోతే పోయింది" అన్నాడు. అతడు నవ్వి కొత్త ముల్లు కట్టుకొన్నాడు. తరువాత ఒక లూడెరిక్, ఒక డ్రమ్మర్ పడ్డాయి. పది గంటల నలభై నిమిషాలకు, చేపలు ఇంకా పడుతూ ఉండగానే, సామాను సర్దుకొని ఎక్కారు. పదకొండు గంటలకు ఇంటికి ఫోను వెళ్ళింది.

పడిపోతే ఏమి చేయాలి?

ఇంత జాగ్రత్తలోనూ ఒకడు నీటిలో పడవచ్చు. అప్పుడు బండను పట్టుకొని ఎక్కాలనే తొందర మొదట కలుగుతుంది. అది ప్రాణాంతకం. తరువాతి అల మనిషిని గుల్లలతో నిండిన రాతికి కొడుతుంది. అందుచేత బండకు దూరంగా, నురుగు లేని నీటిలోనికి ఈది పోవాలి. అక్కడ జాకెట్టు ఆధారంగా తేలుతూ, నెమ్మదియైన ఒడ్డు కనబడితే అటు చేరాలి, లేనియెడల సహాయం కొరకు కనిపెట్టాలి.

పైనున్నవారు వెంటనే నీటిలోనికి దూకకూడదు. ఒకరిని రక్షింపబోయి రెండవవారు కూడా పోయిన విషాదాలు ఎన్నో ఉన్నాయి. మొదట ఫోను చేయాలి. తేలే వస్తువు ఏదైనా విసరాలి. పడినవానిమీదనుండి చూపు తీయకూడదు. ఇందుకే ఇద్దరికంటె ముగ్గురు వెళ్ళడం మేలంటారు. ఒకడు పడితే ఒకడు కనిపెట్టి చూస్తూ ఉంటాడు, మరొకడు సహాయానికి వెళ్ళగలడు.

ఆ రాష్ట్రపు బండలమీద అక్కడక్కడ స్తంభాలకు తగిలించిన రక్షణ చక్రాలు ఉంటాయి. వాటికి 'ఏంజెల్ రింగ్' అని, అనగా దేవదూత చక్రమని పేరు పెట్టారు. గాలం వేసేవారి సంఘమే ఈ పనికి పూనుకొన్నది. పెద్దలు గాలం వేయడానికి చెల్లించే రుసుము నుండి ఏర్పడిన నిధి కూడా దీనికి సహాయపడుతున్నది. దిగినవెంటనే ఆ చక్రం ఎక్కడ ఉన్నదో చూచుకోవాలి.

చట్టం వచ్చిన విధం

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో బండలమీదనుండి కొట్టుకొనిపోయి మరణించినవారి విషయంలో 2015లో మరణ విచారణాధికారి పలు మరణాలను కలిపి విచారణ జరిపారు. మరణించినవారిలో అనేకులు లైఫ్ జాకెట్టు లేనివారు. ఇతర దేశాలనుండి వచ్చి స్థిరపడినవారు కూడా వారిలో ఎక్కువగా ఉన్నారు. విచారణాధికారి సిఫారసు తరువాత 2016లో బండలమీది వేట క్షేమం గూర్చిన చట్టం వచ్చింది. స్థానిక సంస్థలు అంగీకరించి, అపాయకరమైనవిగా ప్రకటింపబడిన ప్రాంతాలలో గాలం వేసేవారూ, వారికి సహాయం చేసేవారూ, వారి వెంటనున్న 12 ఏండ్ల లోపు పిల్లలూ జాకెట్టు ధరించి తీరాలి. మేము వెళ్ళిన లా పెరూజ్, మలబార్ ప్రాంతాలు మొట్టమొదట ఈ చట్టం క్రిందికి వచ్చినవి. మొదట కొంతకాలం నచ్చజెప్పి, 2018 డిసెంబరు 1 నుండి ధరించనివారికి 100 డాలర్ల జరిమానా విధించడం ప్రారంభించారు.

"జాకెట్టు వేసికొంటే చేయి ఆడదు, ఈత వచ్చినవానికి అదెందుకు" అనేవారు అక్కడ కూడా ఉన్నారు. మా సహోదరుని జవాబు ఏమంటే, "తల రాతికి తగిలి స్పృహ తప్పినవానికి ఈత వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. జాకెట్టు స్పృహ లేనివాడు కూడా నీటిమీద తేలడానికి సహాయపడుతుంది." అతడు గాలి నింపేది కాక, దట్టమైన స్పంజితో చేసినది వాడుతున్నాడు. రాళ్ళ మధ్య అది చిరిగి గాలి పోయే భయం లేదు, దెబ్బలనుండి కూడా కొంత కాపుదల.

మన తీరం, మన పిల్లలు

విశాఖపట్నం నుండి భీమునిపట్నం వరకు, అటు యారాడ వైపున, మన తీరంలో కూడా కొండలు సముద్రాన్ని తాకే చోట్లు, అలలు కొట్టే బండలు ఉన్నాయి. గాలం వేయడానికి కొందరు, ఫొటోలు తీసికొనడానికి మరికొందరు వాటిమీదికి వెళ్తున్నారు. బండ మారినా అల స్వభావం మారదు. తడిసిన రాయి, నల్లని పట్టీ, గుంపుగా వచ్చే అలలు, అరగంట చూపు, ఇవన్నీ ఇక్కడా వర్తిస్తాయి. ఇక్కడ అత్యవసర నంబరు 112. సముద్రంలో ఆపదకు తీర రక్షక దళంవారి నంబరు 1554. ఈ రెండూ పిల్లల ఫోనులో వ్రాయించండి.

దూరదేశంలో పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మనవి. "సముద్రం దగ్గరకు వెళ్ళవద్దు" అని ఫోనులో ఆజ్ఞాపిస్తే పిల్లలు మానరు, చెప్పడం మానుతారు. దానికంటె అడగడం మేలు. "ఎవరెవరు వెళ్తున్నారు? ముగ్గురైనా ఉన్నారా? జాకెట్టు ఉన్నదా? అరగంట చూచారా? ఎన్ని గంటలకు పైకి వచ్చి ఫోను చేస్తావు?" ఈ అయిదు ప్రశ్నలు అడగండి. చివరి ప్రశ్నకు వారు చెప్పిన గంటను కాగితంమీద వ్రాసికొని, ఆ గంటకు ఫోను దగ్గర ఉండండి. చేపలు పడలేదని చెప్పినా, దిగకుండానే తిరిగి వచ్చామని చెప్పినా సంతోషించి, మంచి పని చేశావని చెప్పండి. ఆ ఒక్క మాట మరుసటి వారం కొండ అంచున వారికి జ్ఞాపకం వస్తుంది.